తాయారు ఓడిపోయిన ఆటలు

నేను ఒక క్యారమ్ బోర్డును. నాలుగు మూలలా నాలుగు నోళ్ళున్నాయి గానీ, ఇన్నాళ్ళూ వాటితో మింగడమే తప్ప మాట్లాడింది లేదు. ఇప్పుడు కాస్త తీరిక దొరికింది కాబట్టి చెబుతున్నాను.

పుట్టింది రాజమండ్రిలో, ఒక వడ్రంగి షెడ్డులో. పలక ప్లైవుడ్డు, చట్రం మామిడి కర్ర. నన్ను తయారుచేసిన అప్పలనరసయ్య జన్మలో క్యారమ్స్ ఆడి ఎరగడు. ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, చివరికి తన చెంప నా ముఖానికి ఆనించి చూసి, "నునుపొచ్చింది" అన్నాడు. ఆ చెంపకు మాత్రం గడ్డం గీసుకుని వారం అయినట్టుంది. అక్కడి నుంచి తునిలో ఒక ఆటవస్తువుల కొట్టుకు చేరాను. క్రికెట్ బ్యాట్లు వచ్చిన వారానికే అమ్ముడుపోయేవి. నేను గోడకు చేరబడి, వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు చూస్తూ గడిపాను. జనం కొట్లోకి వచ్చి, అన్నీ తాకి, ఏమీ కొనకుండా ఎంత హుందాగా బయటికి వెళ్ళిపోతారో అప్పుడే తెలిసింది.

నన్ను కొన్నది సూరిబాబు స్నేహితులు. సూరిబాబుకు తుని బస్టాండు పక్కన కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అతని పెళ్ళికి బహుమతి కోసం బయలుదేరిన స్నేహితులు మొదట గోడ గడియారం బేరమాడారు. ఆ గడియారాల కొట్లో అప్పటికే తమకంటే ముందు వచ్చిన పెళ్ళివారి చుట్టాలు కనబడేసరికి, మనసు మార్చుకుని పక్క కొట్లో ఉన్న నా దగ్గరికి వచ్చారు. మంచిపనే చేశారు. ఆ పెళ్ళికి వచ్చిన గడియారాలన్నీ ఒకేసారి గోడకెక్కిస్తే టైమెంతయిందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

పెళ్ళికూతురు తాయారు. కాకినాడ పిల్ల. పెళ్ళిచూపుల్లో సూరిబాబు ఆమెను అడిగింది ఒక్కటే, "కళ్ళు బాగా కనిపిస్తాయా?" అని. వృత్తిరీత్యా అడిగాడు పాపం. కనిపిస్తాయండి అంది ఆమె. సంబంధం కుదిరింది.

కొత్త కాపురంలో మొదటి రోజులు నేను వంటింటి గోడకు చేరబడి చూశాను. సూరిబాబు మంచివాడే, కానీ ఆడపిల్లతో ఏం మాట్లాడాలో తెలియనివాడు. దుకాణం నుంచి వచ్చేవాడు. "అన్నం తిన్నావా?" అనేవాడు. తిన్నానండి అనేది. ఆ తర్వాత ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చునేవారు. అతనికి ఇంకో ప్రశ్న తోచేది కాదు. ఆమెకు మొదటి ప్రశ్న వేసే ధైర్యం లేదు.

ఒక ఆదివారం ఉదయం సూరిబాబు దృష్టి నా మీద పడింది. సాయంత్రం ఆడదాం, నీకు వచ్చా అని భార్యను అడిగి, జవాబు వినకుండానే బోరిక్ పౌడర్ కొనడానికి బజారుకు పోయాడు. అతను గడప దాటగానే వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ కోడలి పక్కకు వచ్చి కూర్చుంది. చేతిలో గోరుచిక్కుడు కాయలు. ఈనెలు తీస్తూనే చెప్పింది.

"అబ్బాయికి ఆటంటే పిచ్చమ్మాయ్. ఓడిపోతే మాత్రం ఆ పూట కూడు సయించదు. ఆళ్ళ నాన్నా అంతే. నీకొచ్చినా రానట్టే ఉండు. ఇంట్లో ఓడిపోతే మనకేం పోద్ది?"

తాయారు ఒక్క క్షణం నా వైపు చూసి, "అలాగేనండి అత్తయ్యగారూ" అంది.

సాయంత్రం నన్ను హాల్లో పరిచారు. పౌడర్ చల్లాక ఆమె అరచెయ్యి నా మీద ఒక్కసారి గుండ్రంగా తిరిగింది. నాకు ఒళ్ళు జలదరించింది. అది ఏదో తెలియక తాకిన చెయ్యి కాదు. తర్వాత మాటల్లో తెలిసింది, కాకినాడలో ఆమె తండ్రి ఒక రేకుల షెడ్డులో క్యారమ్ బోర్డులు అద్దెకు ఆడించేవాడట. రేవు కూలీలూ, కాలేజీ కుర్రాళ్ళూ రాకముందు పొద్దున్నే బోర్డులన్నీ తుడిచి, ఒక్కోదాని మీద ఒక్కో ఆట ఆడి, ఏది ఎటు వాలిందో చూసి చెప్పడం ఆ పిల్ల పని. సూరిబాబుకు మాత్రం "మా నాన్నకి చిన్న షెడ్డుండేదండి" అని చెప్పి ఊరుకుంది. అతను బియ్యం బస్తాల షెడ్డు అనుకున్నాడు.

ఆమె మొదటి దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తు. తెల్లకాయిను జారుకుంటూ వెళ్ళి, నా పాకెట్ అంచున, ఇంకో వెంట్రుకవాసి జరిగితే పడేంత దగ్గరగా ఆగిపోయింది. "అయ్యో, కొంచెంలో పోయింది" అని సూరిబాబు నిజంగానే జాలిపడ్డాడు. కాయిన్ను పాకెట్లో పడెయ్యడం అభ్యాసం ఉన్న ఎవరికైనా వస్తుంది. కావాలని అంచున ఆపాలంటే వేలిలో దైవం ఉండాలి. ఆ రోజు ఆమె అన్ని కాయిన్లూ అలా అంచునే ఆపింది. అతను వరసగా అన్ని ఆటలూ గెలిచి, గెలిచిన హుషారులో మొదటిసారి నోరు విప్పాడు.

నోరు విప్పాక తెలిసింది, అతని దగ్గర ఇన్ని కబుర్లున్నాయని. దుకాణానికి వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య సంగతి చెప్పాడు. కొత్త అద్దాలు పెట్టుకుని, సంచిలోంచి పెళ్ళికొడుకుల ఫోటోలు తీసి ఒక్కొక్కటీ చూసి, "ఈ అద్దాలతో నేను వ్యాపారం చెయ్యలేను బాబూ, పాతవే ఇచ్చెయ్" అన్నాడట. ఇంకో రోజు ఒక కోడలు రహస్యంగా వచ్చింది. అత్తగారికి కొత్త కళ్ళజోడు వచ్చినప్పటి నుంచీ ఇంట్లో బూజంతా కనిపిస్తోందట, కాస్త పవరు తగ్గించి పుణ్యం కట్టుకోమందట. అది విని తాయారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని, స్ట్రైకర్ వదిలేసి నవ్వింది. ఆమె నవ్వు చూసి సూరిబాబు తన వంతు మరిచిపోయాడు.

అప్పటి నుంచి సాయంత్రం దుకాణం కట్టేసి రావడం, స్నానం, నేను. రోజంతా అతను ఆమెకు చెప్పడానికి కబుర్లు ఏరుకునేవాడు. ఏరుకోవడానికి లేనినాడు కల్పించేవాడు. కల్పించినవి ఆమెకు తెలిసిపోయేవి, అయినా నవ్వేది. ఆమె కూడా మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఎదురింటి పంతులుగారు తన చిలక్కి తిట్లు నేర్పిందెవరో కనుక్కోవడానికి వీధంతా తిరిగిన కథ ఆమె చెబుతుంటే అచ్చియ్యమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా ఉండడమే కష్టమైంది.

ఒక్కటే ఇబ్బంది. సూరిబాబు తనను తాను పెద్ద ఆటగాడు అనుకోసాగాడు. కళ్ళజోళ్ళకు వచ్చిన వాళ్ళకు అక్షరాల పట్టిక చదివిస్తూనే స్ట్రైకర్ ఎలా పట్టుకోవాలో చెప్పేవాడు. లోకమంతటికీ చూపు సరిచేసే మనిషికి, ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చేస్తోందో కనిపించలేదు. మగవాళ్ళ కళ్ళు అంతే అనుకున్నాను. దానికి అద్దాలు ఇంకా రాలేదు.

ఆ ఏడు వినాయక చవితికి పందిరి దగ్గర జంటలకు క్యారమ్స్ పోటీ పెట్టారు. సూరిబాబు ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చాడు. పోటీకి మంచి బోర్డు లేదంటే నన్నూ ఇచ్చేశాడు. అలా నేను పందిరిలో, గణపతి ఎదుట, ట్యూబులైటు కింద కూర్చున్నాను.

ఫైనల్ దాకా ఎలా వచ్చారంటే, మిగతా జంటలు ఆట మధ్యలో పోట్లాడుకుని విడిపోవడం వల్ల. ఫైనల్లో ఎదురుపడ్డవాళ్ళు బ్యాంకు క్యాషియరు సన్యాసిరావు, ఆయన భార్య. వాళ్ళు మాత్రం పోట్లాడుకోరు. ఆయన ఆడతాడు, ఆవిడ చూస్తుంది. సూరిబాబు ఆట పది నిమిషాల్లో తేలిపోయింది. కంగారులో స్ట్రైకర్ను రెండుసార్లు పాకెట్లోకి పంపాడు. చివరికి క్యాషియరుకు ఒకటే నల్లకాయిను మిగిలింది. మనవాళ్ళకు మూడు తెల్లవి, రెడ్డూ. క్యాషియరు దెబ్బ తప్పింది. వంతు తాయారుది.

పందిరిలో వాళ్ళందరూ అప్పటికే లేవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు. సూరిబాబు ముఖం వాడిపోయింది. అయినా బోర్డు మీదుగా ముందుకు వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"నువ్వు బెంగపెట్టుకోకు తాయారూ. పోతే పోయింది. చెడగొట్టింది నేను."

ఆమె వేళ్ళు నా గీత మీద ఆగాయి. ఆ వేళ్ళలో భయం నాకు తెలిసింది. అది ఓడిపోతామనే భయం కాదు. గెలిస్తే ఏమవుతుందో అన్న భయం. అచ్చియ్యమ్మ మాట ఒకవైపు. ఎదురుగా వాడిపోయిన ముఖంతో తనకు ధైర్యం చెబుతున్న మనిషి ఒకవైపు. ఆమె స్ట్రైకర్ను గీత మీద సరిచేసుకుంది.

మొదటి తెల్లది వెళ్ళింది. రెండోది వెళ్ళింది. రెడ్డు, ఎవరూ చూసేలోపే వెళ్ళింది. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు ఆగారు. ఇక రెడ్డు చెల్లాలంటే వెంటనే ఇంకో కాయిన్ను కవరుగా వెయ్యాలి, మిగిలింది ఒక్క కాయిను. అదీ ఆమె గీతకు ఇవతల, నా చట్రానికి అంటుకుని ఉంది. ఆమె స్ట్రైకర్ను ఎదుటి అంచుకు కొట్టింది. అది తగిలి వెనక్కి వచ్చి, కాయిన్ను చెవి పట్టుకుని తీసుకెళ్ళినట్టు మూల పాకెట్లోకి తోసింది.

పందిరి అదిరిపోయింది. క్యాషియరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. సూరిబాబు చప్పట్లు కొట్టలేదు. భార్య చేతి వంకే చూస్తున్నాడు. ఏడాదిగా ఆడిన ఆటలన్నీ, అంచున ఆగిన కాయిన్లన్నీ అతని కళ్ళలో ఒక్కొక్కటే కదలడం నేను చూశాను.

ఆ తర్వాత మూడు రోజులు నన్ను ఎవరూ పరవలేదు. అతను వచ్చేవాడు, "అన్నం తిన్నావా?" అనేవాడు. అంతే. ఇల్లు మళ్ళీ మొదటికి వచ్చింది. అచ్చియ్యమ్మ కోడలి మీద కోప్పడలేదు గానీ, చూశావా అన్నట్టు కూరగిన్నె కాస్త గట్టిగా పెట్టింది.

నాలుగో సాయంత్రం అతనే నన్ను తెచ్చి పరిచాడు. కాయిన్లు పేర్చలేదు. పౌడర్ డబ్బా చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తాయారు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఓడిపోయినట్టు నటించావు. సరే, అది నేను అడగను" అన్నాడు. డబ్బా కింద పెట్టాడు. "నవ్వినవి కూడా అంతేనా?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. ఆమె తల వంచుకోలేదు.

"నవ్వు నటించడం నాకు రాదండి. మొదట్లో అత్తయ్యగారు చెప్పారని ఓడిపోయాను. తర్వాత మీ కబుర్లు వినడానికి ఓడిపోయాను. నేను గెలిస్తే ఆట తొందరగా అయిపోద్ది కదండీ. అయిపోతే మీరు లేచెళ్ళిపోతారు."

సూరిబాబు డబ్బా మూత తీశాడు. తర్వాత పౌడర్ చల్లాడు. కాయిన్లు పేర్చాడు. "అయితే ఇవాళ నిజం ఆట ఆడు. నేనెక్కడికీ వెళ్ళను" అన్నాడు.

ఆడింది. నా బతుకులో అటువంటి ఆట చూడలేదు. నాలుగు మూలలూ ఆమె పిలిచినట్టల్లా పలికాయి. సూరిబాబుకు స్ట్రైకర్ ముట్టుకునే అవకాశమే రాలేదు. ఒక ఆట, రెండు ఆటలు, మూడు. ఒక్కో దెబ్బకూ అతని కళ్ళు పెద్దవవుతున్నాయి. చివరికి ఒకసారి అతని వంతు వస్తే తన కాయిన్ను వదిలేసి ఆమె కాయిన్ను పాకెట్లో వేశాడు. వేసి, తనే పగలబడి నవ్వాడు. ఇది ఎలా కొట్టావు, అది ఎలా తిప్పావు అని చిన్నపిల్లాడిలా అడిగి చేయించుకున్నాడు. రేకుల షెడ్డు కథంతా ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాడు. ఆ తర్వాత కూర్చుని వంకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన అచ్చియ్యమ్మ, వడ్డన అయ్యాక కూడా చేతిలో గరిటె పెట్టడం మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయింది.

"మీ మావగారితో అష్టాచెమ్మా ఆడేదాన్ని అమ్మాయ్, వానాకాలం అంతా" అంది. "ఒక్కసారీ గెలవలేదు. గెలవడం రాక కాదు. ఆయన మాత్రం, నువ్వు పిచ్చిదానివే అచ్చీ అని నవ్వుతూనే పోయారు." నా వంక చూసింది. "ఒక్కసారి ఓడించి చూడాల్సింది. ఇలాగే నవ్వుండేవారేమో."

తాయారు వెళ్ళి అత్తగారి చేతిలో గరిటె తీసి పక్కన పెట్టి, స్ట్రైకర్ పెట్టింది. చూపుడు వేలు ఎలా మడవాలో చూపించింది. అచ్చియ్యమ్మ మొదటి దెబ్బకు స్ట్రైకర్ ఎగిరి కూరగిన్నెలో పడింది.

ఆమె నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. నేర్చుకున్నాక మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆడించింది. ఆట కంటే ముందు ఆమెకు అబ్బింది దొంగాట. పక్కవాళ్ళు మజ్జిగ తాగుతుంటే మోచేత్తో కాయిన్ను జరిపేది. పట్టుకుంటే, "నా చూపు ఆనదమ్మా, మావాడిచ్చిన కళ్ళజోడు మహిమ" అని నెపం కొడుకు మీద పెట్టేది. దుకాణానికి బేరాలు పోతున్నాయని సూరిబాబు మొత్తుకున్నా వినేది కాదు.

ఆడి ఆడి నా ముఖం అరిగింది. ఒక వానాకాలం కిటికీ జల్లుకు తడిసి ఒక మూల కుంగిపోయాను. ఏ కాయిన్ను వదిలినా అటే పరుగెత్తేది. కొన్నాళ్ళు ఆ వాలుతోనే ఆడారు గానీ, చివరికి కొత్త బోర్డు కొన్నారు. నన్ను పాతసామాన్ల వాడికి వేద్దామంటే అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. నడుము నొప్పికి డాక్టరు గట్టి పక్క మీద పడుకోమన్నాడని, తన మంచం మీద పరుపు కిందకి నన్ను తోయించుకుంది. ఇన్ని చేతులు చూసిన నేను ఇప్పుడు ఒక వీపు మోస్తున్నాను. ఆమె పక్కకు తిరిగినప్పుడల్లా ఇద్దరం కిర్రుమంటాం.

ఇక్కడి నుంచి నాకు ఏదీ కనిపించదు. వినిపిస్తుంది. సాయంత్రం దుకాణం కట్టి సూరిబాబు చెప్పులు విడిచే చప్పుడు, బిందెలోంచి నీళ్ళు ముంచుకునే చప్పుడు, కొత్త బోర్డు మీద కాయిన్లు ఒలికిన చప్పుడు. తర్వాత అతని గొంతు, ఇవాళ కొట్లో ఏమైందో తెలుసా అని. స్ట్రైకర్ ఒకసారి టక్కుమంటుంది. కాయిను జారుతున్న చప్పుడు. అంతలో ఇద్దరూ ఒక్కసారిగా నవ్వుతారు. ఎవరు గెలిచారో చెవులు రిక్కించి విన్నా నాకు తెలియడం లేదు.