కొమ్ము తప్పిన మాట

“దొంగా?”

వరదయ్య అరుపుకు చిత్తూరు పోస్టాఫీసులో స్టాంపులు తడుపుకుంటున్నవాళ్ళు చాచిన నాలుకలు చాచినట్టే ఉంచి తిరిగి చూశారు.

“అవునప్పా, అదే! రెండేండ్లు... మోస... మాకాడ...” పాకాల నుంచి గోవిందయ్య గొంతు ట్రంకాల్లో నిజంగా ట్రంకుపెట్టెలోంచి వచ్చినట్టే వస్తోంది. “వాడు సెయ్యేసినాడంటే లారీలో ఒగటి మిగల్దు సూడు!”

టప్‌మని లైను తెగింది.

“మళ్ళా కలపమంటారా సార్?” అన్నాడు గుమాస్తా.

“వద్దులే నాయనా, వినాల్సింది వినేసినాను,” అన్నాడు వరదయ్య.

వినేశాడో, విననే లేదో తర్వాత తేలుతుంది. కుడిచేత్తో రాసుకుందామని ఫోను ఎడమ చెవికి పెట్టుకున్నాడాయన. ఆ ఎడమ చెవి నాలుగేళ్ళుగా సెలవులో ఉంది. సెలవుచీటీ మాత్రం ఇంట్లోవాళ్ళకు కూడా చూపించలేదు.

వరదయ్య హైస్కూల్లో తెలుగు అయ్యవారు. శ్లేష దొరికితే పెళ్ళిలోనూ వదలడు, చావింట్లోనూ వదలడు. బస్టాండులో బ్లాకులో సినిమా టికెట్లమ్ముతూ, అప్పుడప్పుడూ పోలీసు స్టేషను అరుగెక్కుతూ తిరిగే కుర్రాళ్ళకు పనులు చూపించాలని ఆయనా, ఇంకో నలుగురు పెద్దమనుషులూ కలిసి ఆ ఏడాదే, అంటే డెబ్బై తొమ్మిదిలో, యువజన ఉపాధి సంఘం పెట్టారు. “ఆధికీ వ్యాధికీ మందు ఉపాధి” అని బోర్డు రాయించింది ఈయనే. సంఘం పూచీ పడితేనే పని. పూచీ పడే ముందు, కుర్రాడు ఇదివరకు చేసినచోట ఒక మాట అడిగి చూడడం కార్యదర్శి వరదయ్య బాధ్యత.

ఈసారి అడిగింది చిన్నబ్బ గురించి. ఇరవై రెండేళ్ళవాడు, వాడూ బస్టాండులో తిరిగినవాడే. లారీలకు బాడీ కట్టే మునిరామయ్య షెడ్డులో ఒక చోటు ఖాళీగా ఉంది. కొయ్య గురించి తెలిసినవాడు కావాలన్నాడాయన. చిన్నబ్బ పాకాలలో గోవిందయ్య కోతమిల్లులో చేశానన్నాడు. అందుకే ట్రంకాల్.

ఆదివారం మీటింగుకు పధ్నాలుగు మంది కుర్రాళ్ళు, పెద్దమనుషులు, మునిరామయ్య అంతా వచ్చారు. చిన్నబ్బ ఇస్త్రీ చొక్కాతో ముందు బెంచీలో కూర్చున్నాడు.

“మన చిన్నబ్బ సంగతి ఏమైంది అయ్యోరా?” అన్నాడు మునిరామయ్య.

వరదయ్య ఆ కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడగవచ్చు. అడగలేదు. నాలుక మీద అప్పటికే ఒకటి తయారై దురద పెడుతోంది.

“పేరు చిన్నబ్బే గానీ, నీ షెడ్డుకు పెద్ద దెబ్బప్పా! పాకాలలో చేసింది చేతిపని కాదు, చేతివాటం!”

హాలు గొల్లుమంది. చిన్నబ్బ లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ‘తప్పు చేసినోడు గనకే నోరెత్తలేదు’ అనుకున్నాడు వరదయ్య. జోకు బాగా పేలిందని సాయంత్రం దాకా సంతోషించాడు కూడా.

గురువారం గోవిందయ్య కోర్టు వాయిదాకు చిత్తూరొచ్చి, వరదయ్య ఇంటికి వచ్చాడు.

“మా దుంగలోణ్ణి యాడ పెట్టినావప్పా?”

“దొంగోణ్ణి యాడ పెడతారు గోవిందప్పా, లోపలే!”

“దొంగేందబ్బా? దుంగ! దుంగ! రెండేండ్లు మాకాడ దుంగలు మోసినాడు. వాడు సెయ్యేస్తే లారీలో ఒగ దుంగ మిగల్దు, అంతా దించేస్తాడు. అట్టా పనోడు మళ్ళా దొరకలేదు నాకు. ఫోన్లో సెప్తిని గదా!”

వరదయ్య నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. దుంగకు కొమ్మలుండవు గానీ, రాస్తే కొమ్ముంటుంది. ఆ కొమ్ము పీకి ఒత్వం తగిలించింది తనే. పిల్లలు ఇలాంటి తప్పు రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషి!

చిన్నబ్బ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి వాడి తల్లి సుబ్బులమ్మ ఆయన్ను చూసి, చీరకొంగుతో ముక్కాలిపీట తుడిచి వేసింది.

“అయ్యోరు మా ఇంటికొచ్చినారే! కూసోండి సామీ. షెడ్డులో ఖాళీ లేదన్నారంట గదా. ఫర్వాలేదులే. మీరింత ఇదిగా తిరగతా ఉండారు మావోడికోసరం.”

వాడు ఇంట్లో చెప్పలేదు. తనను దొంగన్న సంగతి తల్లికి చేరకుండా, ఖాళీ లేదని చెప్పి, అన్నవాడి మర్యాద కూడా కాపాడాడు. సుబ్బులమ్మ ఇచ్చిన మజ్జిగ వరదయ్య గొంతులో దుంగలా అడ్డం పడింది.

చిన్నబ్బ వచ్చాడు. ఇద్దరూ వీధి మలుపు దాకా నడిచారు. “తప్పయిపోయింది నాయనా,” అంటూ వరదయ్య మొదలుపెట్టాడో లేదో, వాడు చెయ్యెత్తి ఆపాడు.

“ఈడొద్దు సార్. ఆడ అన్నారు గదా. ఆడనే సెప్పండి.”

ఆదివారం. అదే హాలు, అవే మొహాలు. చిన్నబ్బ ఈసారి చివరి బెంచీలో, గడప పక్కన కూర్చున్నాడు. వరదయ్య లేవగానే, ఏదో ఒకటి వదులుతాడని అందరూ ముందే నవ్వుమొహాలు పెట్టుకున్నారు.

“గోవిందయ్య దుంగ అన్నాడు. నేను దొంగ అని విన్నాను. ఆయన మోసినాడు అన్నాడు. నేను మోసం అని విన్నాను.”

హాలు గొల్లుమంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ముప్పై ఏళ్ళుగా ఆయన కోరుకున్న నవ్వు అది. ఇప్పుడు ఒక్కో నవ్వూ చెంప మీద పడుతున్నట్టుంది.

“నవ్వొద్దండి. ఇది శ్లేష కాదు. నా ఎడమ చెవికి సరిగ్గా వినపడదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మళ్ళా కలపమంటారా అని పోస్టాఫీసులో అడిగితే వద్దన్నాను. ఎందుకంటే...” చివరి బెంచీ వైపు చూశాడు. “బస్టాండు కుర్రాడు గదా, దొంగే అయ్యుంటాడని ముందే అనుకున్నాను. అది చెవి తప్పు కాదు. ఈ పిల్లోడు రెండేండ్లు దుంగలు మోసినాడు. నేను వాణ్ణి ఇక్కడ నలుగురిలో నవ్వులపాలు చేసినాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మునిరామయ్య గొంతు సవరించుకున్నాడు. “రేపు పొద్దున షెడ్డుకు వస్తావా అబ్బా?”

చివరి బెంచీ నుంచి చిన్నబ్బ ఏదో అన్నాడు. అందరికీ వినపడింది. వరదయ్యకు పెదవులు కదలడమే కనపడింది. ఎప్పటిలాగా తలాడించబోయి, ఆగాడు. కుడి చెవి అటు తిప్పి, దాని వెనక అరచెయ్యి డొప్పలా పెట్టుకున్నాడు, అంతమంది ముందరా.

“ఏమన్నావు నాయనా? నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పు.”