అజీజ్‌బీ నల్లా

లీలావతి ఇంటి నల్లాకు మీటరు బిగించడానికి వచ్చినవాళ్లు గోడ మీదుగా పక్కింట్లోకి పోతున్న నీలం పైపును చూసి ఆగిపోయారు. జనగామలో ఆ గల్లీవాళ్లందరికీ తెలిసిన పైపే అది. లింగాల ఘనపూర్‌లో భూములు కౌలుకిచ్చి లీలావతి కుటుంబం ఇక్కడ ఇల్లు కట్టుకున్న ఏడాదే ఆ పైపు పడింది. పక్కింటి అజీజ్‌బీకి నల్లా లేదు. సాదా కాగితం మీద కొన్న ఇల్లు కావడంతో, రిజిస్ట్రేషన్ లేదని అప్పట్లో ఆమెకు కనెక్షన్ ఇవ్వలేదు. భర్త పోయాక కుట్టుమిషన్ మీదే కొడుకు ఆరిఫ్‌ను పెంచిన మనిషి ఆమె. లీలావతి తన బిందెలు నిండగానే పైపు అటు వేసేది. ఎన్ని నీళ్లు వాడినా నెలకు ఒకటే రేటు కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండేది కాదు.

ఇప్పుడు పద్ధతి మారింది. వాడినంతకే బిల్లు, అందులోనే మురుగునీళ్లు పోయే మోరీల ఛార్జీ కూడా. ఒక ఇంటి నల్లా నుంచి ఇంకో ఇంటికి పైపు వేస్తే కనెక్షన్ తీసేస్తామని ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. మీటరు బిగించే మనిషి ఆ మాటే మెల్లగా మళ్లీ చెప్పాడు. లీలావతి ఏదో అనబోయేలోపే అవతల నుంచి అజీజ్‌బీ పైపును తన చేత్తోనే లాగి, చుట్ట చుట్టి గోడ మీద పెట్టింది.

ఆ తర్వాత ఆమె గల్లీ మూలనున్న బోరింగు దగ్గర నుంచి నీళ్లు మోసుకోవడం మొదలుపెట్టింది. లీలావతికి అన్నం సహించలేదు. పైపు లేకపోతే ఏం, బిందె తెచ్చి మా వాకిట్లో పట్టుకపో అని కబురు చేసింది. నా వల్ల మీ నల్లా మీదికి మాట రావద్దని అజీజ్‌బీ జవాబు పంపింది. కొడుకు జైపాల్‌తో చెప్పుకుంటే, అమ్మా, ఆమె అన్నదాంట్లో తప్పేముంది, నువ్వే పోయి ఆఫీసులో అడుగరాదా అన్నాడు. ఎరువుల దుకాణానికి పోతూ పోతూ అన్నాడు గానీ, ఆ మాట ఆమెకు పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే లీలావతి మున్సిపల్ ఆఫీసుకు పోయింది. నల్లాల సెక్షన్‌లో ఉన్న మేడం ఓపికగా విన్నది. కొత్త పద్ధతిలో మీటర్లు మాత్రమే కాదు, ఇంకోటి కూడా ఉందని చెప్పింది. ఇంటికి రిజిస్ట్రేషన్ లేకపోయినా కరెంటు బిల్లు, ఆధార్ ఉండి, ఆ ఇంట్లో చాలాకాలంగా ఉంటున్నారని పక్కింటివాళ్లు సాక్షి సంతకం పెడితే నల్లా ఇస్తారట. మైకులో మాత్రం ఈ సంగతి రాలేదు.

అజీజ్‌బీ మొదట నమ్మలేదు. మళ్ల కాగితాలు అడిగి వాపస్ పంపిస్తరు, ఇంకోసారి ఆ మెట్లెక్కి చిన్నబోలేనన్నది. లీలావతి ఆమె గుమ్మంలోనే కూర్చుని, వస్తానన్నదాకా లేవలేదు. ఇద్దరూ ఆరిఫ్ ఆటోలో పోయారు. లీలావతి సాక్షి సంతకం పెడుతుంటే మేడం తలెత్తి, ఈమె మీకేమవుతుందని అడిగింది.

"పక్కపక్క ఇండ్లు," అన్నది లీలావతి. "ఇద్దరం ఒక్క నల్లా నీళ్లే తాగినం."

రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు అజీజ్‌బీ వాకిట్లో మొదటిసారి పడిన పొద్దున, ఆమె బిందెలు, బకెట్లే కాదు, చెంబులు, టీ గిన్నెలు కూడా నింపింది. నింపడానికి ఇంకేమీ దొరకక గడప కడిగింది. గోడకు ఇవతల ఆ చప్పుడు వింటూ లీలావతి తన బిందె పొంగిపోతున్నది కూడా చూసుకోలేదు.

వానలు మొదలైనాక ఒకనాడు అజీజ్‌బీ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లీలక్కా, ఒక మాట. మీ మునగ చెట్టు కొమ్మలు మా దిక్కు వాలినయి. వానకాలమొస్తె గొంగళి పురుగులు మా వాకిట్ల రాలుతున్నయి. ఆరేసిన బట్టల మీద, కుట్టిన జాకెట్ల మీద అన్నిట్ల అవే. జర కొట్టించు."

లీలావతి మొహం చిన్నబోయింది. ఆ చెట్టు ఈ ఏడాదిది కాదు.

"గిన్నేండ్లు చెప్పలేదేంది అజీజా?"

"నీ నీళ్లు తాగుకుంట నీ చెట్టును ఎట్ల అంటనక్కా?"

అజీజ్‌బీ ఆ మాట కోపంగా అనలేదు. వెళ్లేటప్పుడు ఎప్పటిలాగే పోయొస్తా అనే చెప్పింది. ఇన్నేళ్లూ ఇద్దరి మధ్య ఒక్క గొడవ కూడా రాలేదని లీలావతి చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేది. రాకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది. మొదట మనసుకు కష్టమైంది. సాయంత్రానికి ఆ కష్టం తగ్గి, పక్కింట్లోకి ఎవరో కొత్తగా వచ్చినట్టు, ఆ మనిషితో ఇప్పుడే పరిచయం అవుతున్నట్టు అనిపించింది.

తెల్లారి కొమ్మలు కొట్టించింది. కాయలన్నీ అటే పంపించి, పనిలో పనిగా తన మాట కూడా చెప్పించింది. మధ్యాహ్నం కండ్లు మూతపడే యాళ్లకు నీ మిషన్ నా తలాపున నడుస్తున్నది, జర అవతలి కిటికీ కిందికి జరుపుకో అని. అజీజ్‌బీ నవ్వుకుంటూ ఆ పూటే జరిపించింది.

తర్వాతి నెల ఇద్దరికీ బిల్లులొచ్చాయి. ఆరిఫ్ చదివి చెప్పగా, మోరీల ఛార్జీ అన్న మాట దగ్గర అజీజ్‌బీ ఆపింది. తమ గల్లీ మోరీ ఎప్పటి నుంచో పూడిపోయి ఉంది. వాన పడితే నీళ్లు గడపదాకా వస్తున్నాయి. ఈసారి ఆమె ఎవరినీ తోడు పిలవలేదు. బిల్లు పట్టుకుని తానొక్కతే ఆఫీసుకు పోయి మేడం ముందు నిలబడి, బిల్లు కడుతున్నా, మరి మోరీ ఎప్పుడు తీస్తరని అడిగి వచ్చింది.

ఆ వారంలోనే పనివాళ్లు వచ్చారు. తీసిన మట్టి గల్లీలోనే కుప్ప పోయొద్దని, ట్రాక్టర్‌లో వెయ్యమని అజీజ్‌బీ కొంగు బిగించి దగ్గరుండి చెబుతున్నది. లీలావతి ఇంట్లో నుంచి రెండు కుర్చీలు తెచ్చి గేటు ముందు వేసింది. ఒకదాంట్లో తాను కూర్చుని, అజీజ్‌బీకి ఎప్పుడు తీరిక దొరుకుతుందా అని చూస్తూ పనివాళ్లకు చాయ్ పెట్టమని లోపలికి కేకేసింది.