చట్టం అడిగిన మనిషి

యంత్రం తిరస్కరించిన ప్రతి బీమా దరఖాస్తునూ ఒక మనిషి చదివి, సొంతంగా ఆలోచించి, సంతకం చేయాలని కొత్త చట్టం వచ్చింది. మా కంపెనీలో ఆ మనిషిని నేను. పదకొండు నెలల్లో రెండు వేల నూట నలభై సంతకాలు చేశాను. యంత్రం మాటను ఒక్కసారీ కాదనలేదు. ఆఫీసులో దాన్ని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన వద్దన్నాక మనమెంత అని నవ్వుకునేవాళ్ళం.

ఆ ఉదయం మేనేజరు నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. మా అక్క భర్త. నన్ను ఇక్కడ చేర్పించింది ఆయనే. తలుపు తీసి ఉంటే సార్, వేస్తే బావ.

“రెండింటికి ప్రభుత్వం నుంచి తనిఖీ ఆవిడ వస్తోంది. చట్టం మనిషిని పెట్టమంది, పెట్టాం. ఆ మనిషి ఒక్కసారన్నా కాదనకపోతే అసలు మనిషి లేనట్టేనట.”

“ఇప్పుడేం చేద్దాం బావా?”

“ముప్పై ఫైళ్ళు తియ్యి. ‘ఒప్పుకోను’ అని రాసి పాత తేదీలు వెయ్యి. పై కమిటీ నీ మాట కొట్టేసిందని కింద నేను రాస్తాను.”

“దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది.”

“మొరగని కుక్కని ఎవరూ ఉంచుకోరు మరదలా. కాపలా పెట్టినవాణ్ణీ ఉంచుకోరు. ఈ వయసులో ఉద్యోగం వెతుక్కునే మొగుణ్ణి మీ అక్కకి చూపించకు.”

ఆయన వెళ్ళాక ఫైళ్ళు ముందు వేసుకున్నాను. కాదనడానికి కూడా లోపల ఏముందో తెలియాలి. తప్పక చదవడం మొదలుపెట్టాను.

ఒక వెల్డరు. నలభై నాలుగేళ్ళు. భార్య పోయాక నెల రోజులు నిద్రమాత్రలు వేసుకున్నాడు, తర్వాత మానేశాడు. డాక్టరు చీటీలో రెండూ ఉన్నాయి. పెద్దాయనకి మొదటిదే కనబడింది. కింద నా సంతకం, గుండ్రంగా, ఎక్కడా తొణక్కుండా. అది పెట్టిన రోజు నేనేం ఆలోచించానో గుర్తు చేసుకోబోయాను. ఏమీ లేదు. గిన్నె తోమేటప్పుడు చేతులకి ఎంత ఆలోచన ఉంటుందో అంతే.

పన్నెండున్నరకి ఇరవై అయ్యాయి. పద్నాలుగింటిలో పెద్దాయనదే సబబు. ఆరింటిలో కాదు. నటిద్దామని కూర్చున్నదాన్ని, నిజంగానే కాదంటున్నాను. భయం అప్పుడు పుట్టింది. ఇరవైలో ఆరయితే రెండు వేల నూట నలభైలో ఎన్ని? లెక్క మొదలుపెట్టి ఆపేశాను.

వెల్డరు ఫైలు మీద “ఒప్పుకోను, దరఖాస్తుకి ఏడాది ముందే నిద్రమాత్రలు మానేశాడు” అని రాశాను. తేదీ దగ్గర పెన్ను ఆగింది. రాసినది నిజమే. పాత తేదీ వేస్తే ఇద్దరి ఉద్యోగాలూ నిలుస్తాయి. ఇవాళ్టిది వేస్తే పదకొండు నెలలూ కళ్ళు మూసుకున్నానని నేనే ఒప్పుకున్నట్టు. లోపల ఒక గొంతు మెత్తగా నచ్చజెబుతోంది: ఎప్పుడు చదివినా ఇదే అనేదానివి కదా, కాస్త ఆలస్యమయింది, అంతే. ఆ గొంతు నాకు తెలుసు. ఇన్నాళ్ళూ సంతకాలు పెట్టించింది అదే.

ఆరింటి మీదా ఇవాళ్టి తేదీ వేశాను.

తనిఖీ ఆవిడ సన్నగా ఉంది, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఫైళ్ళు ఒక్కొక్కటే తిప్పింది.

“ఆరూ ఇవాళ్టివేనా?”

బావ దగ్గాడు. “సిస్టంలో చిన్న...”

“ఈవిణ్ణి అడుగుతున్నాను.”

“ఇవాళే చదివాను,” అన్నాను.

“మిగతావి?”

“సంతకం పెట్టాను. చదవలేదు.”

ఆవిడ తల ఎత్తకుండా రాసుకుంది. “మీ మీద చర్య ఉంటుంది.”

“తెలుసండి.”

“ఈ ఆరుగురికీ మళ్ళీ కబురు పంపండి. మిగతావన్నీ మొదటినుంచీ చదవాలి. ఎవరు చదువుతారో కంపెనీ రేపటికల్లా చెప్పాలి.”

ఆవిడ వెళ్ళాక బావ చాలాసేపు బల్ల అంచుని గోటితో గీకాడు.

“మీ అక్కకి నువ్వే చెప్పుకో.”

“చెప్తాను బావా.”

“ఇంకా ఎందుకు ముందేసుకున్నావు అవి? రేపు నిన్నుంచుతారో లేదో.”

ఇరవై ఒకటో దరఖాస్తు ఈత నేర్పే ఒకాయనది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.