కర్పూరం ఆరేదాకా

పార్థివ ఉగాది నాడు ఆదిమూలం తలంటు పోసుకుని వచ్చి, బొగ్గుముక్కతో గోడ మీద ఈ ఏటి పని రాశాడు: "తిరపతి గంగజాతర. ఏడు రోజులు, ఏడు రాగాలు."

అతని భార్య అక్కమ్మ అది కూడబలుక్కుని చదివింది. ఈ గుండెతో నాదస్వరం ఊదితే మనిషి దక్కడని చిత్తూరు డాక్టరు నెల కిందటే చెప్పాడు. ఆదిమూలం నవ్వేసి వచ్చాడు. అతను వినేది వాళ్ల నాయన పెట్టిన కట్టడి ఒక్కటే. ఉగాదినాడు శెనగబద్దంత కర్పూరం వెలిగించి, ఒకే ఊపిరిలో షడ్జం పట్టాలి. కర్పూరం ఆరేదాకా స్వరం నిలిస్తే గోడ మీది పని చెయ్యాలి. తెగిందంటే రాసింది తుడిచేసి, ఆ ఏడంతా ఇంట్లో శిష్యులకు పాఠం చెప్పుకోవాలి.

"తుడిచెయ్ బావా, నాకు డోలు మోసేది తప్పుతాది," అన్నాడు అక్కమ్మ తమ్ముడు మునస్వామి వాకిట్లోంచి.

"పోరా, నీ డోలు పగిలినా నా స్వరం తెగదు. కర్పూరం పెట్టుమే!"

అక్కమ్మ రెండింతల ముక్క పెట్టింది. ఓడిపోతే ఇంట్లో ఉంటాడు. పెద్దకొడుకును పాడె మీద పంపిన వాకిలి అది. ఇంకొకరిని పంపే శక్తి ఆమెకు లేదు.

ఆదిమూలం కళ్లు మూసుకుని ఊదాడు. ఆరిందని చెప్పాల్సింది అక్కమ్మే. మామూలుగా ఆరే వేళ దాటిపోయింది. అతని మెడ నరాలు ఉబ్బాయి, ముఖం నల్లబడింది. స్వరం వణికింది కానీ తెగలేదు. ఈ మనిషి ఓడడు, మంట ఉన్నంతసేపూ ఊదుతూనే ఉంటాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

వంగి ఉఫ్‌మని ఆర్పేసి, మిగిలిన ముక్కను చెయ్యి కాలుతున్నా గుప్పిట్లో దాచింది. "ఆరిపోయింది మామా!"

అతను గోడకు జారగిలబడ్డాడు. రొప్పుతూనే మాట ఎత్తుకున్నాడు.

"సూసినావామ్మే? ఇంతసేపు ఎప్పుడన్నా పట్టినానా? రేయ్ మునస్వామీ, జాతరోళ్లకు చెప్పిరాపో. ఏడు రోజులూ మన మేళమే!"

"వద్దురా! మామా, నేనే ఆర్పినాను. ఇదో, మిగిలిన ముక్క." గుప్పిట విప్పింది.

"పెట్టెలోంచి ఇంకో ముక్క తీసి సూపిస్తే నమ్మేదానికి పసిబిడ్డనా?" పగలబడి నవ్వాడు, నవ్వు దగ్గయింది.

మునస్వామి అప్పటికే వీధి మలుపు తిరిగాడు. జాతరకు ఇంక నెలరోజులే. ఆదిమూలం కొత్త రెల్లు పీకను నీళ్లలో తడిపి నాదస్వరానికి బిగించి, ఇంకా నీలం వదలని పెదాల మధ్య పెట్టుకుని మొదటి రాగం ఎత్తుకున్నాడు.