అరచేతి ఇస్త్రీ

రోజూ ఎనిమిదిన్నరకి ఇస్త్రీ కొట్టు షట్టరు పైకి లేస్తుంది. బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద తెల్లగుడ్డ బిగించి, నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని అక్క జుట్టు ముడేసుకుంటుంది. మిగతా ఇద్దరు పనివాళ్లూ కరెంటు ఇస్త్రీపెట్టెలు ప్లగ్గులో పెడతారు. అక్కకి పెట్టె అక్కర్లేదు. కోపం వస్తే ఆవిడ అరచేతులు కాలతాయి. చొక్కా మీద నీళ్లు చల్లి రెండు చేతులూ ఆనించి లాగిందంటే సుయ్యిమని ఆవిరి లేచి ముడత మాయమైపోతుంది. ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. "అక్క చేత్తోనే చేయించండి, మడత నిలుస్తుంది" అని చెప్పి మరీ బట్టలిచ్చి పోయేవాళ్లు.

మరి కోపం రోజూ రావాలి కదా అంటారా? వచ్చేది. పదకొండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. అదెక్కణ్ణుంచి వచ్చేదో చెబుతాను, ఆగండి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక సోమవారం పదింటికి అక్క సముద్రం పక్క ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాలి. దుప్పట్లు, తువ్వాళ్లు లెక్క చూసి వార్డులకి పంపే పని. కూర్చోడానికి కుర్చీ ఉంటుంది, పక్కన కిటికీ ఉంటుంది, ఎవరి మీదా కోపం తెచ్చుకోనక్కర్లేదు. కావలసిందల్లా పదకొండేళ్లు ఇక్కడ పనిచేసిందని యజమాని సంతకం పెట్టిన కాగితం. అది లేకుండా రావద్దని ఉత్తరంలో కింద గీత గీసి మరీ రాశారు. బస్సు ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి.

శనివారం పొద్దున్న కొట్టు యజమాని చేతులు నలుపుకుంటూ వచ్చాడు. వెనకాల వ్యాను. కొత్తగా తెరుస్తున్న ఏదో హోటలు వాళ్లవట, నాలుగు వందల దుప్పట్లు. అక్క వెళ్లిపోతోందని తెలిసీ ఒప్పుకున్నాడు మహానుభావుడు. వెళ్లిపోతోంది కాబట్టే ఒప్పుకున్నాడేమో కూడా.

"ఇవి అయిపోయిన క్షణం సంతకం పెట్టేస్తానమ్మాయ్. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు.

లేదు. అక్కకే కాదు, ఆ వీధిలో ఎవరికీ లేదు. కానీ కాగితం అతని దగ్గరుంది. రాసే ఉంది, గల్లా బల్ల మీద గాజు బరువు కింద రెపరెపలాడుతోంది, సంతకం మాత్రం లేదు. అక్క పళ్లు నూరుకుంటూ మొదలుపెట్టింది. ఆ కోపంతో మధ్యాహ్నం దాకా నూట ముప్పై దుప్పట్లు తీసింది.

తర్వాత వీడ్కోలు చెప్పడానికి జనం మొదలయ్యారు. ఎదురుగా దర్జీ కొట్టులో కాజాలు కుట్టే స్నేహితురాలు ముందొచ్చింది. తొమ్మిదేళ్లుగా ఒకే డబ్బాలో భోజనం పంచుకున్న మనిషి. నువ్వు లేకపోతే నాకు దిక్కెవరే అని మెడ పట్టుకుని ఏడ్చింది. ఏడుపు నిజమే, కాదనను. కానీ కళ్లు తుడుచుకోగానే బల్ల మీద మూట పెట్టింది. ఎనిమిది కర్టెన్లు. వెళ్లేలోపు ఒక్కసారి నీ చేత్తో, అంది. ఆవిడ వెనకాల పక్కింటి టీచరుగారు, ఆయన వెనకాల కరెంటు మేస్త్రీ. అందరూ కళ్లనీళ్లతో వచ్చారు, అందరి చేతుల్లోనూ సంచులున్నాయి. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఇస్త్రీ బట్టలు తేవడమేమిటండీ, సిగ్గుండొద్దూ? అక్కకి కోపం ఉప్పెనలా వచ్చింది. వచ్చిన వేడంతా వాళ్ల కర్టెన్లకీ చొక్కాలకీ సరిపోయింది. హోటలు దుప్పట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంటికెళ్తే తమ్ముడు ఆవిడ గదిలో టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. చేపల తొట్లు పెట్టుకుంటాడట. మంచం ఇంకా తియ్యలేదు, పెట్టె ఇంకా సర్దలేదు, వీడికి చేపలు కావలసొచ్చాయి. అక్క చేతులు ఎర్రబడడం చూసి, ఎలాగూ వేడెక్కావు కదా అని రెండు ప్యాంట్లు కూడా ముందు పడేశాడు.

ఆదివారం పొద్దున్న ఒక వింత జరిగింది. తల్లి తిట్టలేదు. అక్క వంట చేసి కంచం ముందు కూర్చుంటే తల్లి ఏదో ఒకటి అనకుండా ముద్ద దిగనిచ్చేది కాదు. ఉప్పు కషాయమనీ, నడక వంకరనీ, నీకు ఏ పనీ చేతకాదనీ అనేది. ఆ రోజు మాత్రం తలొంచుకుని తిని లేచిపోయింది.

కొట్టుకొచ్చాక చేతులు వేడెక్కలేదు. రెండు రోజులకి సరిపడా కోపం నిన్ననే ఊళ్లోవాళ్ల బట్టలకి పోయింది, మనిషి అలిసిపోయింది. యజమాని ఏవో ఎత్తిపొడుపు మాటలన్నాడు. పనివాళ్ల చేత అనిపించాడు. చేతులు గోరువెచ్చగా అయ్యాయి, అంతే. పనివాళ్లిద్దరూ పెట్టెలతో డెబ్భై తీసినా, పన్నెండున్నరకి ఇంకా రెండు వందల దుప్పట్లున్నాయి. అప్పుడు యజమాని మనిషిని పంపి తల్లిని పిలిపించాడు.

తల్లి చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. యజమాని గొంతు తగ్గించి, "పెద్దమ్మగారూ, ఒక్క పది నిమిషాలు. రోజూ ఇంట్లో చేసే పనే కదా" అన్నాడు.

అక్క చెవిన పడింది. "రోజూ ఇంట్లో చేసే పనేంటి?" అంది.

తల్లి సంతకం లేని ఆ కాగితం వంక చూసింది. బల్లకెదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు చేరిన కొత్తలో పొద్దున్న పదకొండు గంటలైతే గాని నీ చేతులు కాలేవి కావు. పనిలోంచి తీసేస్తానన్నాడు. ఇంటి దగ్గరే వేడెక్కించి పంపమన్నాడు. అప్పటికి మీ నాన్న మంచంలో ఉన్నాడు, తమ్ముడు బడిలో ఉన్నాడు. సరేనన్నాను. రోజూ పొద్దున్నే నిన్ను తిట్టింది అందుకేనే."

అక్క చేతుల కింద దుప్పటి సుయ్యిమంది. యజమాని మొహం విప్పారింది, పనివాణ్ణి తొందరపెట్టి ఇంకోటి పరిపించాడు.

"నీ కూరలో ఉప్పు ఏనాడూ ఎక్కువ కాలేదు" అంది తల్లి. "నీ నడక వంకర కాదు. నీ చేతి వంట నేను వండిన దానికన్నా బాగుంటుంది."

మూడో దుప్పటి పసుపురంగుకి తిరిగింది. నాలుగోదాని మీద రెండు అరచేతుల గుర్తులు గోధుమరంగులో పడ్డాయి. పదకొండేళ్లు తనొక చేతకాని మనిషినని నమ్మి బతికింది అక్క. ఎవరైనా మెచ్చుకుంటే వెక్కిరిస్తున్నారనుకుని మొహం తిప్పుకునేది. అదంతా వీళ్లిద్దరూ కూడబలుక్కుని చేసిన పని.

"ఇంక చాలమ్మా, కాలిపోతున్నాయి" అన్నాడు యజమాని.

"చాలడమేంటి, పదకొండేళ్లవి ఉన్నాయి." తల్లి అతని వైపు తిరగను కూడా తిరగలేదు. "మీ నాన్న చివర్లో నిన్ను తలుచుకోలేదని చెప్పాను. అబద్ధం. ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ నిన్నే పిలిచాడు. కొట్టులో పని ఎక్కువుందని నీకు కబురు పెట్టలేదు."

ఆ దుప్పటికి రెండు చిల్లులు పడ్డాయి. కింద కంబళి నుంచి పొగలొచ్చాయి. అక్క ఇంకోటి లాగింది, దాన్నీ కాల్చింది, మళ్లీ ఇంకోటి లాగింది. యజమాని దుప్పట్ల కట్ట మీద పడి కావిలించుకుని, బయటికి పొమ్మని కేకలు పెట్టాడు. ముందు సంతకం అంది తల్లి. అతను గల్లా బల్ల దగ్గరికి పరిగెత్తి సంతకం గీకాడు. అక్క చేతికిస్తే బూడిదవుతుందని తల్లే కాగితం తీసుకుని, మడిచి, కూతురి సంచిలో పెట్టింది.

బస్టాపు దాకా పెట్టె తల్లే మోసింది. బస్సు వచ్చాక అక్క నోరు విప్పింది.

"నిన్ను క్షమించను. ఇంకో పదకొండేళ్లు నీ మొహం చూడను."

"చూడకు" అంది తల్లి. "ముందు బస్సెక్కు."

అక్క ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకోలేక గాల్లో పట్టుకుంది. పక్క సీటాయన కాస్త జరిగి చోటిచ్చాడు. కింద తల్లి కిటికీకి దగ్గరగా వచ్చి, చిన్నప్పుడు నువ్వు పాడితే వీధంతా ఆగి వినేదనీ, వద్దని తనే మాన్పించిందనీ చెప్పడం మొదలుపెట్టింది. బస్సు కదిలితే పక్కనే నడుస్తూ చెప్పింది, వేగం అందుకుంటే పరిగెడుతూ చెప్పింది.

అక్క తల తిప్పలేదు. కిటికీ మాత్రం మూయలేదు.