పార్కు బెంచీ మీద మొగుడూ పెళ్ళాం

"ఉప్పు," అన్నాడు మా ఆయన. భోజనం దగ్గర ఆయన మాట్లాడేది అంతే. లేచి అందించాను. నేను డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేస్తానని ఆయనకు తెలుసు. అక్కడ ఏం చేస్తానో మాత్రం ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. మా అత్తగారే నయం, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నా ఉద్యోగం గురించి చెబుతుంది. "మా కోడలికి ఊరి మీద పడి తిరిగినందుకు జీతం కూడా ఇస్తారు," అని.

తిరగడమేమిటి నా మొహం, కూర్చోవడం. తుపాకులూ ఛేజింగులూ ఏమీ ఉండవు. ఒక గుమ్మానికి ఎదురుగా పొద్దంతా కూర్చుని, ఎవరొచ్చారో ఎవరెళ్ళారో చూడాలి. దాహమేసినా నీళ్ళు తాగను, తాగితే తర్వాత ఎక్కడికి పోను? మగవాడు ఒక్కడే కూర్చుంటే వీధంతా అనుమానిస్తుంది. అందుకని ఏజెన్సీ డ్రైవరన్ననూ నన్నూ జంటగా పంపుతారు. చేరిన రోజే మా ఓనరు చెప్పాడు. "మీలో మీరు మాట్లాడుకోకండి. మాట్లాడుకుంటే లేచిపోయి వచ్చారనుకుంటారు. మొగుడూ పెళ్ళాల్లా కూర్చోండి." ఆ విద్య నాకు ఒకరు నేర్పాలా?

ఈసారి కేసు ఒక నర్సుది. విడిపోయిన మొగుడు కూతుర్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. పిల్లా తనూ తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరని కోర్టులో ప్రమాణం చేశాడు. అది అబద్ధమని తేలితే పిల్ల తిరిగొస్తుందని లాయరమ్మ చెప్పిందట. అతను ఇంట్లో పెట్టుకున్న రెండో ఆమెతో బయటికొస్తుండగా ఫోటో కావాలి. "నా కూతురు నన్ను మర్చిపోకముందే తెచ్చుకోవాలి మేడమ్," అంది నర్సు.

ఆ ఇంటికి ఎదురుగా ఉన్న పార్కులో కూర్చున్నాం. చాలాసేపయ్యాక డ్రైవరన్న ఉండబట్టలేక అడిగాడు. "చెల్లెమ్మా, చిన్నప్పుడు ఏమవుదామనుకునేదానివి?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "బస్సు కండక్టరు," అన్నాను.

"ఈల వేయడం వచ్చా మరి?"

"ఇప్పటికీ వచ్చు," అంటూ నోట్లో వేళ్ళు పెట్టబోయి పకపకా నవ్వేశాను. సరిగ్గా అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. నర్సు మొగుడు మావంక అనుమానంగా చూసి, లోపలికి పోయి, కిటికీ తెర లాగేశాడు.

ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మొగుడూ పెళ్ళాలు అలా నవ్వుకుంటారా? ఇంట్లో మీ ఆయనతో కూడా ఇలాగే ఇకిలిస్తావా? ఆ నర్సుకు ఇప్పుడేం చెప్పను?" నా ఒక్క నవ్వుకి ఆవిడకు కూతురు దక్కకుండా పోయేలా ఉంది. ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే ఓనరు మాటే చెవుల్లో గింగురుమంది. మీ ఆయనతో.

ఆదివారం మా ఆయన్ని పార్కుకి రమ్మన్నాను. ఫోను చూసుకోవడానికి ఎక్కడైనా ఒకటే కాబట్టి వచ్చాడు. అదే బెంచీ మీద కూర్చున్నాం. సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. అప్పుడు ఆ మనిషి ఆ రెండో ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని గుమ్మం దిగాడు, రోడ్డు దాటి మా ముందునుంచే నడిచాడు. నావంక చూశాడు కూడా. నవ్వని మొహాన్ని గుర్తుపట్టలేదు. గుమ్మంలోనూ, రోడ్డు మీదా, ఎదురుగానూ కావలసినన్ని ఫోటోలు తీసి, ఏజెన్సీకీ నర్సుకీ పంపాను. పక్కనే ఉన్న మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

ఎందుకు తీసుకొచ్చావు, ఎవర్ని ఫోటో తీశావు అని అడుగుతాడేమోనని ఇంటిదాకా ఎదురుచూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆశపడ్డాను. ఆయన చెప్పులు విడుస్తూ అడిగాడు.

"కూరేం చేస్తున్నావు?"

అంతలో నర్సు ఫోను. ఏడుస్తోంది. "ఫోటోలు లాయరమ్మకి పంపాను మేడమ్. ఇది చాలంది. మీ మేలు మర్చిపోను."

"ఆ లాయరమ్మ నంబరు నాక్కూడా పంపండి," అన్నాను.