చెల్లో తప్పు కాదు

నరసరావుపేటలో వీరాంజనేయులు ఇనప సామాన్ల కొట్టు నడుపుతాడు. కొట్టు మీది గదిలో కూర్చుని ఆయన కూతురు శ్రీదివ్య సినిమా పాటలకు ఆర్కెస్ట్రా రాస్తుంది. సంగీత దర్శకుడు యోగేశ్ బాణీ పంపితే, ఏ వాయిద్యం ఏ స్వరం పలకాలో ఆమె విడదీసి రాయాలి. ఆయన దగ్గర ఆమెకిదే మొదటి పాట.

ఆ ఉదయం చెన్నైలో రికార్డింగ్ జరుగుతుంటే శ్రీదివ్య ఇక్కణ్నుంచే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటోంది. పల్లవి నిండుగా వచ్చింది. చరణానికి ముందు సంగీతం పైకి లేవాల్సిన చోట మాత్రం బోలుగా వినిపించింది.

"చెల్లో మిగతావాటిని మింగేస్తోంది. ఆదిల్, తగ్గించు," అన్నాడు యోగేశ్, వయొలిన్ కన్నా పెద్దదై మంద్రంగా పలికే ఆ వాయిద్యపు జట్టును నడిపే ఆదిల్‌తో.

ఆదిల్ తగ్గించి వాయించాడు. మళ్లీ అంతే. ఇంకా తగ్గించాడు. అయినా అంతే.

"నీ వల్ల కాకపోతే చెప్పు. వేరేవాళ్లను పిలిపిస్తా."

"కాయితంలో ఉన్నదే వాయిస్తున్నా సార్," అన్నాడు ఆదిల్ మెల్లగా.

శ్రీదివ్య గబగబా ఆ పేజీ తెరిచింది. చెల్లోలు 'మ' నుంచి 'ప'కి ఎక్కుతున్నాయి. పై స్థాయిలో రెండో జట్టు వయొలిన్లు కూడా అదే 'మ' నుంచి అదే 'ప'కి ఎక్కుతున్నాయి. రెండు గొంతులు ఒకే అడుగు వేస్తే చెవికి ఒక్క గొంతే వినపడుతుంది. నాలుగు పాయలుగా సాగాల్సిన సంగీతం అక్కడ మూడైపోయింది. ఇది ఆమె మొట్టమొదట నేర్చుకున్న నియమం. తొందరలో తనే తప్పింది.

నోరు విప్పితే ఈ పాటే ఆఖరిది కావచ్చు. అవతల ఆదిల్ వాయిద్యం పక్కన పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆమె మైక్ ఆన్ చేసింది.

"సార్, ఆయన తప్పు కాదు. నేను రాసిందే తప్పు."



"ఇంతమందిని కూర్చోబెట్టాక చెబుతున్నావా?" అన్నాడు యోగేశ్.

"వాళ్లు టీ తాగొచ్చేలోపు మార్చి పంపుతాను సార్."

తండ్రి పైకొచ్చి గుమ్మంలో ఆగాడు. "ఏందమ్మా, మొహం అట్టా పెట్టావు?"

"తర్వాత చెబుతా నాన్నా. కింద రేకులు కోసే మిషన్ కాసేపు ఆపించు."

ఆయన ఇంకేమీ అడక్కుండా దిగి వెళ్లాడు. కొట్టులో రొద ఆగింది.

చెల్లోలు పైకెక్కే చోట రెండో వయొలిన్లను 'మ' నుంచి 'రి'కి కిందికి దించింది. ఇప్పుడు రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. పేజీ పంపింది. చెన్నైలో మళ్లీ వాయించారు.

అదే బోలు.

"ఏం మారింది?" యోగేశ్ గొంతులో విసుగు దాగలేదు.

 శ్రీదివ్య పేజీని కింది నుంచి పైకి ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చింది. రెండో వయొలిన్లకు బలంగా ఉంటుందని అవే స్వరాలు ఇత్తడి బూర లాంటి హార్న్‌కి కూడా ఇచ్చింది. హార్న్ ఇంకా పాత దారిలోనే చెల్లోతో పాటు ఎక్కుతోంది.

"హార్న్ సార్. దాన్ని మార్చడం మర్చిపోయాను."

"ఆపేయమననా?"

"వద్దు సార్, పలచబడిపోద్ది. దాన్నీ 'రి'కి దించమనండి."

వాళ్లు మళ్లీ వాయిస్తూ ఆ చోటుకు వచ్చారు. చెల్లోలు ఎక్కాయి, పైన రెండో వయొలిన్లు, హార్న్ దిగాయి, మధ్యలో సంగీతం ఒక్కసారిగా విచ్చుకుంది.

"మేడమ్, ఇప్పుడు గట్టిగా వాయించొచ్చా?" ఆదిల్ అడిగాడు.

"మీ ఇష్టం వచ్చినంత గట్టిగా వాయించండి."

ఆ టేక్‌నే ఉంచమన్నాడు యోగేశ్. ఆదిల్‌తో ఏమీ అనలేదు. లైన్ పెట్టేసే ముందు, "రెండో పాట రేపు పంపిస్తా. నువ్వు రాసింది నాకు పంపేముందు నువ్వే ఒకసారి విను," అన్నాడు.

శ్రీదివ్య "సరే సార్" అంది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, మిషన్ మళ్లీ వేసుకోమని కిందున్న తండ్రికి కేకేసింది.